గుండ్లు ఎక్కే అమ్మాయికి వారం లెక్క

చిరంజీవి అమ్మలూకి బాబాయి ఆశీస్సులు.

ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతూ వారానికి నాలుగు రోజులు క్లైంబింగ్‌కి వెళ్లొచ్చా అని అడిగావు. వద్దు, మూడు చాలు. చదువు పాడవుతుందని కాదు, వేళ్లు పాడవుతాయని. కండ ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటుంది. వేళ్లలోని టెండన్లకి, అంటే కండని ఎముకకి కలిపే నారలకి, రక్తం తక్కువగా అందుతుంది కాబట్టి అవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఒళ్లు తేలిగ్గానే ఉంది కదా అని ఎక్కేస్తారు, దెబ్బ వేళ్లకి తగులుతుంది. గట్టిగా ఎక్కిన రోజుకీ మళ్లీ ఎక్కే రోజుకీ మధ్య 48 గంటలు వదులు. ఆ వదిలిన రోజులే నీ చదువు రోజులు.

మంగళ, గురువారాలు సాయంత్రం క్లైంబింగ్ జిమ్‌లో గంటన్నర, ఆదివారం తెల్లవారుజామున గుట్టల్లో. గంటన్నరలో మొదటి 20 నిమిషాలు ఒళ్లు వేడెక్కించడానికే. తర్వాత 50 నిమిషాలు కష్టమైనవి, చివర్లో తేలికవి. ఒక కష్టమైన ప్రయత్నానికీ ఇంకోదానికీ మధ్య కనీసం 3 నిమిషాలు కూర్చో. ఊపిరి కుదురుకోగానే లేస్తే రెండో ప్రయత్నం మొదటిదానికంటే అధ్వానంగా ఉంటుంది.

ల్యాబ్ రికార్డులు, లెక్కలు సోమ, బుధవారాలకే పెట్టుకో. ఎక్కి వచ్చిన రాత్రి ముంజేయి బిగుసుకుపోయి పెన్ను చేతిలో నిలవదు. ఆ రాత్రి చదవడమో, క్లాసు నోట్సు సరిచూసుకోవడమో చాలు. శుక్రవారం నీ బుర్రకి అన్నిటికంటే కష్టమైన సబ్జెక్టుకి ఇవ్వు. శనివారం పది గంటలకల్లా పడుకోవాలి, లేకపోతే ఆదివారం పొద్దున్న అయిదుకి లేవలేవు. మిడ్ పరీక్షలకి పది రోజుల ముందు నుంచి గురువారం తీసెయ్. మంగళవారం 40 నిమిషాలు, అదీ నీకు బాగా వచ్చిన దారుల్లోనే. సెమిస్టర్ పరీక్షల ముందు ఐదు రోజులు అసలు వద్దు. మూడు గంటలు కూర్చుని రాయాల్సింది ఆ వేళ్లతోనే.

చిన్న అంచుని వేళ్లు మడిచి, పైన బొటనవేలు బిగించి పట్టడం ఎక్కడం మొదలెట్టిన తొలి ఏడాది అలవాటు చేసుకోకు. వేళ్లు సాపుగా ఉంచి పట్టు. వేళ్ల బలం కోసం పట్టుకుని వేలాడే బోర్డు జోలికీ వెళ్లకు. ఉంగరపు వేలి మొదట్లో 'టక్' మని, అరచేతి వైపు నొక్కితే నొప్పి ఉంటే అక్కడే ఆపి డాక్టర్‌కి చూపించు. టేపు చుట్టి కొనసాగిస్తే కొన్ని వారాల్లో పోయేది నెలల తరబడి కూర్చోబెడుతుంది.

ఇక ఆదివారం. హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టలు అన్నావు, మంచిదే. అది దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్, గరుకు ఎక్కువ. పది ప్రయత్నాలకే వేలికొనలు ఎర్రగా నిగనిగలాడతాయి. అలా కనబడగానే ఆపెయ్, ఇంకొకటి అంటే తోలు లేస్తుంది. చలికాలంలో పొద్దున్న పది గంటల దాకా ఎక్కొచ్చు. ఏప్రిల్‌లో ఎనిమిదిన్నరకే బండ కాలిపోతుంది, చేతులు చెమటతో జారతాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, రెండు అరటిపళ్లు తీసుకెళ్లు. ఒంటరిగా వెళ్లకు.

ఎక్కేముందు గుండు చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్. మొదట దిగే దారి చూడు. ఎక్కడం తేలికై దిగలేక పైన ఇరుక్కుపోయేవాళ్లే ఎక్కువ. ఈ గ్రానైట్ ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడుతుంది. పొర అంచు పట్టుకునే ముందు పిడికిలితో తట్టు. బోలుగా మోగితే దాని మీద బరువు వెయ్యకు. గుండు మీద పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి చూడు, వాన నీరు పారే దారులు అవే. పొడిగా ఉంటే పట్టు దొరుకుతుంది, తడిస్తే పాకుడులా జారతాయి. వాన వెలిసిన పూట బండ ఆరినట్టే ఉన్నా పగుళ్లలోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. కింద క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా పరిచే మందపాటి పరుపు) నువ్వు నిలబడిన చోట కాదు, పడే చోట వెయ్యి. రెండు ప్యాడ్లయితే మధ్య సందు లేకుండా చూడు, చీలమండ మెలితిరిగేది ఆ సందులోనే. పడేటప్పుడు మోకాళ్లు వంచి రెండు కాళ్ల మీద దిగి వెనక్కి దొర్లు. చెయ్యి వెనక్కి ఆనించావా, మణికట్టు విరుగుతుంది.

తాడు కట్టి ఎక్కాలనుకుంటే సొంతంగా మొదలుపెట్టకు. భువనగిరి కోట బండ దగ్గర నేర్పే శిక్షకులున్నారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందింది ఆ బండ మీదే. అప్పుడు ఆమె గురుకుల విద్యార్థిని.

నీకు పిట్టలు, చెట్లంటే ఇష్టం కదా, ఆ ఇష్టానికి ఆదివారంలో గంట కేటాయించు. చేరగానే ఎక్కెయ్యకుండా మొదటి అరగంట కూర్చుని చూడు, దిగాక ఇంకో అరగంట. వేలాడే బండ కింద పెద్ద తేనెపట్టు ఉంటే ఆ గుండు వదిలెయ్. అత్తరు పూసుకుని వెళ్లకు, కేకలు వెయ్యకు. బండ గూట్లో తెల్లటి రెట్ట చారలు, కింద ఎముకలు, వెంట్రుకలు కలిసిన ఉండలు కనబడితే అది పెద్ద గుడ్లగూబ చోటు. చలికాలం నుంచి వేసవి మొదలు దాకా అక్కడ పిల్లలు ఉండొచ్చు, దూరంగా ఉండు. బండ మీద బూడిద, నారింజ రంగు మచ్చలు లైకెన్లు, బూజు, నాచు కలిసి పెరిగే జీవాలు. అరచెయ్యంత పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, పట్టు దొరకలేదని గోకకు. చేతులు జారకుండా రాసుకునే చాక్ పొడి మరకలు దిగేముందు నైలాన్ బ్రష్‌తో తుడిచెయ్. ఇనుప బ్రష్ వాడితే బండ గరుకు అరిగిపోతుంది. చూసిన పిట్ట పేరు, చెట్టు, టైము ఒక చిన్న పుస్తకంలో రాసుకో. పేరు తెలియకపోతే తోక ఎలా ఊపిందో రాసినా సరే.

ఇంటికొచ్చాక చేతులు కడుక్కుని పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకో. ఎక్కే రోజు పొద్దున్న మాత్రం వద్దు. నీ టైమ్‌టేబుల్ ఒకసారి పంపు. మంగళవారం మధ్యాహ్నం ల్యాబ్ ఉంటే మంగళ, గురువారాలని సోమ, బుధవారాలుగా మార్చకు. ఆదివారం తర్వాత సోమవారం పనికిరాదు. బుధ, శుక్రవారాలు చేద్దాం, ఆదివారం అలాగే ఉంటుంది. అప్పుడు శుక్రవారం సాయంత్రానికీ ఆదివారం పొద్దునకీ మధ్య 48 గంటలు ఉండవు కాబట్టి శుక్రవారం తేలికవే ఎక్కు.

బాబాయి