టిక్‌టిక్‌మంటే తీగ పీకేయండి

ప్రశ్న: సర్, మాది హనుమకొండ. చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో పెళ్లిళ్ల ఫొటోలు, 2024 మేడారం జాతర ఫొటోలు ఉన్నాయి. వారం నుంచి కాపీ మధ్యలో ఆగిపోతోంది. నిన్నటి నుంచి 'ఫార్మాట్ చేయాలా?' అని అడుగుతోంది. తెలిసినాయన విండోస్‌లోని చెక్‌డిస్క్ కమాండ్ కొట్టమన్నాడు. కొట్టనా?

జవాబు: వద్దండీ. ఫార్మాటూ వద్దు, చెక్‌డిస్కూ వద్దు. చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను, సరిచేసే పనిలో అదే డిస్కు మీద రాసేస్తుంది. తనకు అర్థంకాని ఎంట్రీలను తీసేయడానికీ వెనకాడదు. ఒకసారి నేనే ఆ పని చేసి, మా ఇంటి ఫొటోల ఫోల్డర్‌ను పేర్లు లేని ముక్కలుగా చూసుకున్నాను.

ముందు డిస్కుకు చెవి ఆనించండి. టిక్‌టిక్ గానీ గీరుతున్న శబ్దం గానీ వస్తే వెంటనే తీసేయండి. అది డేటా చదివే హెడ్ పాడైన గుర్తు కావచ్చు. తిప్పేకొద్దీ లోపలి పళ్లెం మీద గీతలు పడతాయి. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు, డేటా రికవరీ ల్యాబ్‌కే వెళ్లాలి. టేబుల్ మీదే మూత విప్పుతానన్న షాపుకు మాత్రం ఇవ్వకండి, దుమ్ము రేణువు చాలు కొంప ముంచడానికి. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా కూడా వినకండి, తేమ పడుతుంది.

శబ్దం లేకపోతే కేబుల్, పోర్టు మార్చి చూడండి. ఒక్కోసారి రోగం అక్కడే ఉంటుంది. అయినా అంతేనా? అయితే 2 టీబీ కొత్త డిస్కు కొనండి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పాత డిస్కు మొత్తాన్ని కొత్తదానిలో ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే అచ్చు నకలుగా, తీయండి. ఫోల్డర్లు ఒక్కొక్కటే కాపీ చేస్తే, చెడిన చోటనే హెడ్ మళ్లీ మళ్లీ తంటాలు పడుతుంది. డీడీరెస్క్యూ అలా కాదు, ముందు బాగా ఉన్న భాగాలు లాగేసి, మొండికేసిన చోట్లకు చివర్లో వస్తుంది. ఎంతవరకు లాగిందో రాసుకునే మ్యాప్ ఫైలుకు పేరు ఇవ్వడం మర్చిపోకండి. దాన్ని కూడా కొత్త డిస్కులోనే పెట్టండి. మధ్యలో కరెంటు పోయినా ఆగిన దగ్గర్నుంచే మొదలుపెట్టొచ్చు. మన ఎండాకాలం సంగతి తెలిసిందేగా! పాతదేదో కొత్తదేదో రెండుసార్లు చూసుకోండి, తారుమారైతే ఉన్నదీ పోతుంది.

తర్వాత ఆ ఇమేజ్ మీదే పని. ముందు టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో ఫోల్డర్లు కనిపిస్తాయేమో చూడండి. ఫొటోరెక్ అనే మరో ప్రోగ్రాం చివరి దారి. ఫొటోలు తీసిస్తుంది గానీ పేర్లు, ఫోల్డర్లు ఉండవు. ఏది ఎవరి పెళ్లో మీరే వేరుచేసుకోవాలి.

ప్రశ్న: కరీంనగర్ నుంచి. ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీలో పొరపాటున డిలీట్ చేసిన ఫైళ్లు వస్తాయా?

జవాబు: ముందు రీసైకిల్ బిన్, క్లౌడ్ బ్యాకప్ వెతకండి. అక్కడ లేకపోతే కష్టమే. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఎస్ఎస్‌డీ ఖాళీ అయిన చోటును తనంతట తానే తుడిచేసుకుంటుంది.