విండోస్‌లో తీసిన మైఎస్‌క్యూఎల్ బ్యాకప్ ఉబుంటులో ఎక్కుతుందా?

విండోస్‌లోని మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్‌ను ఉబుంటు లైనక్స్‌కి మార్చాలి, డేటా ఫోల్డర్ కాపీ చేసుకుంటే సరిపోదా అని అడిగారు. ఉత్త కాపీతో పని కాదండీ. నేనూ అదే చేసి ఒక పూట పోగొట్టుకున్నాను.

మా మామయ్యకు వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం ఉంది. రైతుల ఖాతాలు, తక్‌పట్టీలు (సరుకు అమ్మిన చీటీలు) అన్నీ ఒక పాత కంప్యూటర్‌లోనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11 ఆ మిషన్ మీద ఎక్కదు. అందుకని కొత్త ఎస్‌ఎస్‌డీ కొని ఉబుంటు వేశాం. పాత హార్డ్‌డిస్క్ ముట్టుకోలేదు, అదే మమ్మల్ని కాపాడింది. సద్దుల బతుకమ్మ రోజు ఇంట్లో తంగేడు పూలు పేరుస్తుంటే, నేను దుకాణంలో షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను.

ఫోల్డర్ కాపీ చేశాక సర్వర్ లేవనే లేదు. లోయర్_కేస్_టేబుల్_నేమ్స్ అనే సెట్టింగ్ విలువ సర్వర్‌లో 0, డేటా డిక్షనరీలో (టేబుళ్ల వివరాలు దాచుకునే చోట) 1 ఉందని ఎర్రర్ లాగ్‌లో పడింది. విండోస్‌లో ఇది మామూలుగా 1, టేబుల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో దాచుకుంటుంది. లైనక్స్‌లో 0, అక్కడ పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. ఆ విలువ మార్చి ఎలాగోలా లేపొచ్చేమో గానీ, రైతుల డబ్బు లెక్కలతో ప్రయోగాలెందుకని పాత డిస్క్ తగిలించి మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో (డేటానంతా ఆదేశాలుగా ఒక ఫైల్‌లో రాసిచ్చే ప్రోగ్రామ్) డంప్ తీశాను.

అక్కడ ఇంకో తప్పు చేశాను. విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌లో బాణం గుర్తు (>) పెట్టి డంప్‌ను ఫైల్‌లోకి మళ్లించాను. పాత పవర్‌షెల్ ఆ ఫైల్‌ను యూటీఎఫ్-16 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో రాస్తుంది, ఉబుంటులో ఎక్కించబోతే మొదటి లైన్‌లోనే ఎర్రర్. ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ ప్రోగ్రామ్‌తో యూటీఎఫ్-8కి మార్చితే ఎక్కింది. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. మామయ్య వచ్చి స్క్రీన్ చూసి, "రైతుల పేర్లు ఏమాయెరా? గీ డబ్బాలేంది?" అన్నారు. ప్రతి తెలుగు అక్షరం ఉండాల్సిన చోట ఒక ఆల్ఫా గుర్తు, దాని పక్కన చుక్కల డబ్బాలు! తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు. పవర్‌షెల్ వాటిని పాత డాస్ కోడ్‌పేజీ 437 ప్రకారం ఒక్కో బైటునీ ఒక్కో గుర్తుగా చదివేసింది. పేర్లు పాడైంది డంప్ తీసేటప్పుడే, ఎక్కించేటప్పుడు కాదు.

కాబట్టి బాణం వద్దు, రిజల్ట్-ఫైల్ ఆప్షన్‌తో డంప్ తీయండి. స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే దాచిన చిన్న ప్రోగ్రామ్‌లు) ఉంటే రొటీన్స్ ఆప్షన్ కూడా ఇవ్వాలి, లేకపోతే అవి రావు. ఒక్క డేటాబేస్ డంప్‌లో యూజర్లు రారు, వాళ్లను కొత్త సర్వర్‌లో మళ్లీ సృష్టించుకోవాలి.

ఇక మీ ప్రోగ్రామ్‌లో టేబుల్ పేర్లు కొన్నిచోట్ల పెద్ద అక్షరాలతో ఉంటే, డంప్ ఎక్కాక కూడా 1146 ఎర్రర్, టేబుల్ లేదని. కోడ్ సరిచేసుకోవడం మేలు. మాది ఎవరో ఎప్పుడో రాసిచ్చిన సాఫ్ట్‌వేర్, కోడ్ చేతిలో లేదు. అందుకే ఉబుంటులో సర్వర్ ఆపి, ఆ పాడైన డంప్ తప్ప ఇంకేమీ లేని డేటా ఫోల్డర్‌ను ఖాళీ చేసి, కాన్ఫిగ్‌లో ఆ విలువ 1 పెట్టి, సర్వర్ ప్రోగ్రామ్ మైఎస్‌క్యూఎల్‌డీని ఇనిషియలైజ్ ఆప్షన్‌తో మళ్లీ మొదలుపెట్టాను. మైఎస్‌క్యూఎల్ 8లో ఈ విలువను ఆ ఒక్కసారే పెట్టగలం, తర్వాత మార్చనివ్వదు. రూట్ పాస్‌వర్డ్ తాత్కాలికంగా ఒకటి ఎర్రర్ లాగ్‌లో పడుతుంది, చూసుకోండి.

ఎక్కాక రికార్డుల లెక్క ఒక్కటే సరిచూడకండి, నాకు లెక్క మొదటిసారే కుదిరింది. తెలుగు పేరున్న ఖాతా ఒకటి తెరిచి చదవండి. మా పాత డిస్క్ ఇప్పటికీ దుకాణం బీరువాలోనే ఉంది.