కోచ్ పైన ఎవరున్నారో అడగండి

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలోని ఒక యూనివర్సిటీ టెన్నిస్ స్కాలర్‌షిప్ ఇస్తామంది. అక్కడి కోచ్ క్రమశిక్షణ పేరుతో పిల్లలను వేధిస్తాడని ఒక సీనియర్ చెప్పింది. ఫిర్యాదు చేస్తే స్కాలర్‌షిప్, వీసా పోతాయా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా చదువును బట్టి ఉంటుంది, జట్టులో చోటును బట్టి కాదు. స్కాలర్‌షిప్ పోతే ఫీజు మీ నెత్తిన పడుతుంది, చిక్కల్లా అదే. అయితే కోచ్‌కు కోపం వచ్చినంత మాత్రాన అది పోదు. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని పై శ్రేణి అయిన డివిజన్ 1 నిబంధనల ప్రకారం, ఆట బాగాలేదనో గాయమైందనో స్కాలర్‌షిప్ గడువు మధ్యలో దాన్ని తగ్గించకూడదు. వేరే కారణంతో రద్దు చేసినా అప్పీలు చేసుకోవచ్చు. ఆ విచారణ క్రీడా విభాగం చేతిలో ఉండదు. ఈ సంగతి తెలియకే చాలామంది పిల్లలు నోరు మెదపరు. గడువు ఒక ఏడాదా, నాలుగేళ్లా అన్నది సంతకానికి ముందే చూసుకోండి.

ఇక కోచ్ సంగతి. కొట్టే మాస్టారే బాగా చెబుతారనే నమ్మకం మనలో ఇంకా పోలేదు. అమెరికాలోనూ అలాంటివారు ఉన్నారు. రట్గర్స్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ మైక్ రైస్ ప్రాక్టీసులో ఆటగాళ్లను నెట్టడం, తిట్టడం, బంతులు విసిరికొట్టడం వీడియోకెక్కింది. క్రీడా విభాగాధిపతి టిమ్ పెర్నెట్టి 2012లోనే దాన్ని చూశారు. చూసి ఏం చేశారు? జరిమానా వేసి, మూడు మ్యాచ్‌లకు పక్కన పెట్టారు. 2013 ఏప్రిల్ 2న అది టీవీలో వచ్చింది. మర్నాడే కోచ్ ఉద్యోగం పోయింది, 5న పెర్నెట్టి రాజీనామా చేశారు. నాలుగు నెలల క్రితం లేని తప్పు ఏప్రిల్‌లో కొత్తగా పుట్టిందా?

మేరీల్యాండ్ యూనివర్సిటీలో జరిగింది ఇంకా ఘోరం. 2018లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కసరత్తులో వడదెబ్బ తగిలి 19 ఏళ్ల జోర్డన్ మెక్‌నేర్ చనిపోయాడు. చట్టపరంగా, నైతికంగా బాధ్యత తమదేనని యూనివర్సిటీ అధ్యక్షుడు ఒప్పుకున్నారు. ఆ మాట రావడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది.

అందుకే కోచ్ స్వభావం గురించి కోచ్‌నే అడిగి లాభం లేదు. శిక్షలకు రాతపూర్వక నియమాలు ఉన్నాయా, ఫిర్యాదు ఎవరికి చేరుతుంది అని క్రీడా విభాగాధిపతికి మెయిల్ పెట్టండి. క్రీడల కోసం నియమించిన అధ్యాపక ప్రతినిధి ఎవరో కూడా అడగండి, ఎన్‌సీఏఏ యూనివర్సిటీలన్నిటిలో ఒకరుంటారు. జవాబు ఎలా వస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంకొకటి. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పాత జట్ల జాబితాలు ఉంటాయి. మొదటి ఏడాది ఉండి రెండో ఏడాదికి కనిపించని పేర్లు రాసుకోండి. వాళ్లలో ఇద్దరితోనైనా మీ అమ్మాయి మాట్లాడేదాకా సంతకం పెట్టనివ్వకండి.