పండు గురించి రాస్తున్న అమ్మాయికి

తల్లీ,

మీ కుక్క పండు మీద నువ్వు రాసి పంపిన కథ చదివాను. చదివేవాళ్లకు ఏడుపొస్తుందా మాస్టారూ అని అడిగావు. ముందు ఆ టెన్షన్ వదిలెయ్. పండును తెచ్చి వాళ్ల ముందు నిలబెట్టు చాలు, ఆ తర్వాత ఏడవాలో నవ్వాలో వాళ్లే చూసుకుంటారు.

మొదటి పేజీలోనే పండు చచ్చిపోయింది. అప్పటికి అది నల్లదో తెల్లదో కూడా మాకు తెలియదు. ఆ తర్వాత వరసగా మూగజీవి, కల్మషం లేని ప్రేమ, ప్రాణానికి ప్రాణం. ఈ మాటలు ఏ ఊళ్లో ఏ కుక్క మీదైనా రాయొచ్చు తల్లీ. విశాఖ పెద వాల్తేరులో మీ ఇంటి గేటు దగ్గర పడుకున్న కుక్క మీద మాత్రమే రాయగలిగింది నాకు కావాలి, అది నీ దగ్గర ఉంది కూడా, మూడో పేజీలో ఒక్క వాక్యం రాసి దాటేశావు: "హుద్‌హుద్ రోజు పండు మంచం కింద దూరితే నేనూ దూరాను." అక్కడ ఆగాలి.

హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబర్ 12, ఆదివారం. నీకప్పుడు ఏడేళ్లన్నావు. మధ్యాహ్నం వేళ తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చి గాలి కాసేపు ఆగిపోయింది, హమ్మయ్య అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వస్తుండగానే ఈసారి రెండో వైపు నుంచి మొదలైంది, గుర్తుందా? ఆ ఆగిన కాసేపట్లో పండు ఏం చేసింది? బయటికొచ్చిందా, నువ్వు కాలర్ పట్టుకుని లాగినా రాలేదా? సన్నటి కీచు శబ్దాల్లో మన చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, కుక్క చెవి 40 వేలు దాటి వింటుంది, కాబట్టి ఆ గాలి హోరు, ఎగిరిపోయే రేకులు, పగిలే అద్దాలు దానికి ఎలా వినబడ్డాయో మనకు తెలిసే దారి లేదు. తెలిసినట్టు రాయకు. "పండు మనసులో అనుకుంది" అని నువ్వు రాసిన వాక్యాలన్నీ కొట్టెయ్. దాని పక్కటెముకలు నీ మోచేతికి కొట్టుకోవడం రాయి, గచ్చు మీద గోళ్ల చప్పుడు రాయి, తడిసిన ఒంటి వాసన రాయి. మంచం కింద నుంచి ఏడేళ్ల పిల్లకు ఏం కనిపిస్తుంది? పెద్దవాళ్ల పాదాలు, తలుపు కింద నుంచి లోపలికొస్తున్న నీళ్లు, అమ్మ అడ్డం పెట్టిన గోనెసంచి. అంతకంటే ఎత్తుకు లేవకు.

తర్వాత రోజుల్లో కరెంటు లేదు, నీళ్ల కోసం క్యూలు, పాల ప్యాకెట్ దొరకడం గగనమైపోయింది. దొరికిన పాలలో పండుకు ఎవరు పోశారు? నీ గ్లాసులోంచి నువ్వే పోస్తే అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుందా? నాకైతే నీ కథకు గుండెకాయ ఇక్కడే ఉందనిపిస్తోంది.

నీ ఎర్ర గౌను చూసి పండు వీధి చివరే నిన్ను గుర్తుపట్టేదని రాశావు. కుక్కకు నీలం, పసుపు బాగానే కనిపిస్తాయి కానీ ఎరుపు సరిగ్గా తెలియదు, దాని కంటికి అదొక మసక గోధుమరంగు. గౌనును తీసెయ్యమనడం లేదు, ఆ పిల్ల అలాగే నమ్మింది, నమ్మనివ్వు. కానీ రాసేదానివి నీకు తెలిసి ఉండాలి. తెలిస్తే స్కూల్ ఆటో సందు తిరగక ముందే పండు చెవులు నిక్కబొడుచుకోవడం గుర్తొస్తుంది, దిగీ దిగగానే నీ బ్యాగులో లంచ్‌బాక్స్ ఉన్న అరకే మూతి పెట్టడం గుర్తొస్తుంది.

మా ఇంట్లో జిమ్మీ అని ఉండేది. జాలారిపేట నుంచి నెత్తళ్లు, అవే చిన్న చేపలు, తెచ్చే ఆవిడ మా వీధిలోకి అడుగుపెట్టక ముందే అది లేచి గేటు దగ్గర కూర్చునేది. ఆవిడేమో "ఓలమ్మ, ముందు దీనికెట్టండమ్మా, నన్ను తట్ట దించనీదు" అనేది. మావాడికి అప్పుడు అయిదేళ్లు. వాడు పెరుగన్నంలో నెత్తడు పెట్టి, ముల్లు గుచ్చుకుంటుందేమోనని వేలితో నలిపి నలిపి, ఆ ముద్దను అరచేతిలో పెట్టి అందించేవాడు. జిమ్మీ పళ్లు తగలకుండా నాలుకతోనే తీసుకునేది. వాడు ఆ చెయ్యి కడుక్కోకుండా చొక్కాకు తుడుచుకునేవాడు, దానికి రోజూ వాళ్లమ్మ కేకలు. జిమ్మీ ముసలిదై పోయాక "మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. చచ్చిపోవడమంటే ఇక రాకపోవడమని ఆ వయసు పిల్లలకు పూర్తిగా అందదు. వాడి బెంగ వేరు. అక్కడ ముల్లు తీసి పెడతారా లేదా అని. నీ కథలో పిల్ల కూడా ఇలాంటిదేదో అడిగే ఉంటుంది. ఆ ప్రశ్న వెతికి పట్టుకో, దానికి జవాబు మాత్రం నువ్వు రాయకు.

మహాభారతంలో జనమేజయ మహారాజు యాగశాలలో ఆడుకుంటున్న కుక్కపిల్లను అతని తమ్ముళ్లు కొట్టిన కథ నీకు తెలిసే ఉంటుంది. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వెళ్లి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. ఒక దెబ్బ, ఒక ప్రశ్న. మూగజీవి అనే మాట ఒక్కసారి కూడా అక్కర్లేకపోయింది, ఇన్ని వందల ఏళ్లుగా ఆ కుక్క పక్షానే ఉన్నాం మనం.

నాయనమ్మ మాటలు మార్చు. ఆవిడ పండుతో పత్రిక భాష మాట్లాడుతోంది. విజయనగరం పక్క ఆవిడంటున్నావు, "ఏటిరా పండూ, నీకు అన్నం ఎట్టలేదేటి" అని ఆవిడ నోటితోనే అననివ్వు.

ఇక మీ నాన్న. పండును భీమిలి దగ్గర తోటలో వదిలామని చెప్పి, అది చచ్చిపోయిన సంగతి నీకు రెండేళ్లు దాచారని కోపంగా రాశావు. ఆ కోపం నిజమే, ఉంచు. కాకపోతే అది పెద్దయ్యాక వచ్చిన కోపం, ఏడేళ్ల పిల్ల పేజీల్లోకి దాన్ని రానివ్వకు. ఆ పిల్ల తోటను నమ్మింది. ఆ రెండేళ్లూ భీమిలి వైపు బస్సెక్కినప్పుడల్లా కిటికీ సీటు కోసం పేచీ పెట్టిందా? తోటలో పండు ఏ చెట్టు కింద పడుకుంటుందనుకుంది? అవి రాయి. అబద్ధం చెప్పిన మనిషి ఆ రోజు ఏం చేశాడన్నది నీ కథలో ఎక్కడా లేదు. పండును ఎక్కడ పాతిపెట్టారు, ఎవరు సాయం వచ్చారు, గేటుకున్న గొలుసు నువ్వు స్కూల్ నుంచి వచ్చేలోపు ఎవరు విప్పి ఎక్కడ పెట్టారు, ఇవన్నీ నాన్ననే అడుగు. ఆయన వెంటనే చెప్పకపోవచ్చు, టీవీ చూస్తూ తప్పించుకోవచ్చు. ఇంకో రోజు అడుగు. చెప్పినప్పుడు ఆయన అన్నది అన్నట్టు నోట్సులో రాసుకో, నీ మాటలు కలపకు. అది చేతికొచ్చాకే మళ్లీ మొదటి పేజీ మొదలుపెట్టు, రాశాక నాకు పంపు.

మీ మాస్టారు