అమ్మమ్మ చీరలు: ఏవి కట్టుకోవాలి, ఏవి బొంతకు ఇవ్వాలి

మీ అమ్మమ్మగారు పోయిన తరువాత ట్రంకుపెట్టెలో మిగిలిన ఇరవై దాకా చీరలను ఏం చేయాలని అడిగారు. వాటిలో కొన్ని నూలువి, కొన్ని పట్టువి, కొన్ని చిరుగులు పట్టినవి. బొంత కుట్టిద్దామని మీకు ఉంది, కత్తెర పెట్టడానికి మీ అమ్మగారికి మనసొప్పడం లేదు, డాలస్‌లో ఉన్న మీ అక్కగారు తనకూ ఏదో ఒకటి కావాలంటున్నారు, మీకేమో కుట్టుపని అంతగా రాదు. మా నాయనమ్మ చీరల విషయంలో మా ఇంట్లోనూ దాదాపు ఇదే పంచాయితీ జరిగింది కాబట్టి, అప్పుడు తెలుసుకున్నవీ, ఆ తరువాత చుట్టాల ఇళ్లలో బొంతలు కుట్టేటప్పుడు చూసినవీ కలిపి చెబుతున్నాను.

ముందు మీ అమ్మగారి అభ్యంతరం సంగతి. బొంత కుట్టడానికి కత్తెర పెట్టి తీరాలనేమీ లేదు. ఐదున్నర మీటర్ల చీరను పొడవునా మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. ఒక మనిషి కప్పుకోవడానికి అది చక్కగా సరిపోతుంది. పెద్దవాళ్లు కట్టిన ఎనిమిది గజాల చీర అయితే నాలుగు మడతలు వస్తాయి. కొంగు పైకి కనిపించేలా మడత వేసుకుంటే, చీర అంచులే రెండు వైపులా బొంతకు అంచులవుతాయి. తెనాలి దగ్గరి మా ఊళ్లో పసిపిల్లల కోసం కుట్టే బొంతలు చాలావరకు ఇలాంటివే, ఎందుకంటే బిడ్డ పెద్దయ్యాక కుట్లు విప్పి ఆ చీరను మళ్లీ ఇంకో పనికి వాడుకునేవారు. ఎప్పుడైనా మీ అమ్మగారికి ఆ చీర చీరగానే కావాలనిపిస్తే దారాలు లాగేస్తే చాలు. నూలు బట్ట అయితే సూది రంధ్రాలు ఒకటి రెండు ఉతుకులకు చాలావరకు పూడిపోతాయి. ఈ మాట ఆమెకు చెప్పి చూడండి. మా అమ్మ మెత్తబడింది ఈ మాటతోనే.

ఇక ఏ చీర దేనికన్నది చూడాలి. ఒక్కొక్క చీరను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని పొడవంతా చూడండి. కూర్చునే చోట, కుచ్చిళ్లు దోపుకునే చోట, భుజం మీద పడే చోట బట్ట పలచబడి ఉంటుంది. ఆ చోట్ల రెండు చేతులతో మెల్లగా లాగితే పోగులు విడిపోతున్నాయంటే ఆ చీర కట్టుకోవడానికి పనికిరాదు, బొంతలో పైపొరగా కూడా నిలవదు. లోపలి పొరగా వేసుకోవచ్చు. బట్ట గట్టిగా ఉండి, ఒకటి రెండు చిరుగులు మాత్రమే ఉంటే రఫ్ఫు చేయించి కట్టుకోండి. మంగళగిరి, చీరాల, వెంకటగిరి నేత చీరలు ఉతికేకొద్దీ మెత్తబడతాయి కాబట్టి ముప్పై ఏళ్ల నాటి మంగళగిరి చీర ఒంటి మీద కూర్చునే తీరు నిన్న కొన్నదానికి రాదు. అటువంటి చీర బాగుండగానే దాన్ని బొంతకు ఇవ్వడం నాకైతే ఇష్టం ఉండదు. రవిక పాత పద్ధతిలోనే ఉండాలన్న పట్టింపు పెట్టుకోకండి. మా నాయనమ్మ ముదురాకుపచ్చ చీరకు నేను తెల్లని ఖద్దరు రవిక, మోచేతుల దాకా చేతులతో కుట్టించుకున్నాను. ఆమె అయితే ఆ చీర మీదికి నల్లది తప్ప మరొకటి వేసేది కాదు.

పట్టు చీరలను బొంతలో కలపవద్దు. పట్టు పాతబడితే మడతల దగ్గరే ముందు చీలుతుంది, సూది గుచ్చిన రంధ్రం పూడదు, ఉతుకులకు ఆగదు. పైగా జరీ పక్కనున్న మెత్తని నూలును గీరి పోగులు తెంపుతుంది. గద్వాల చీర ఉంటే దాని సంగతి వేరు. దానిలో ఒడలు, అంటే చీర మధ్యభాగం, నూలుతో, అంచులూ కొంగూ పట్టుతో నేసి నేతలోనే కలుపుతారు కాబట్టి, ఒడలు చిరిగిపోయినా అంచులు చెక్కుచెదరకుండా మిగలడం తరచుగా చూస్తాము. ఆ అంచులను జాగ్రత్తగా విడదీయించి, అదే రంగు కలిసే సాదా నూలు చీరకు వేయించుకుంటే అమ్మమ్మగారి చీరలో సగం మీ ఒంటి మీద ఉన్నట్టే. 1970లు, 80లలో మన ఇళ్లను ముంచెత్తిన నైలాను, పాలియెస్టరు చీరలు ఎలాగూ ఉంటాయి; అవి చెమట పీల్చవు, కుట్టేటప్పుడు జారిపోతాయి. వాటిని సంచులకు వాడుకోండి.

జరీ విషయంలో ఒక హెచ్చరిక. పాతకాలపు మేలిరకం జరీ అంటే వెండి తీగకు బంగారు పూత పూసి పట్టు దారం చుట్టూ చుట్టినది. పాత జరీ చీరలు కొనేవారు వాటిని కాల్చి ఆ వెండిని తీసుకుంటారు. మా చిన్నప్పుడు పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవారు వీధిలోకి వచ్చినప్పుడు, నూలు చీరలు నాలుగు వేస్తే గాని గిన్నె ఇవ్వని మనిషి, జరీ చీర ఒకటి బయటికి రాగానే బేరం ఆడకుండా పెద్ద క్యాను తీసి ముందు పెట్టేవాడు. మూత పోయిన అలాంటి క్యాను ఒకటి మా వంటింట్లో ఇప్పటికీ బియ్యం పోసుకోవడానికి వాడుతున్నాము. అది నాయనమ్మ పెళ్లిచీర ఖరీదని మా పెద్ద మేనత్త వచ్చినప్పుడల్లా మా అమ్మను దెప్పుతూ ఉంటుంది. మీ చీరల జరీ ఏ రకమో తెలియాలంటే నమ్మకమైన కంసాలికి చూపించండి. గీటురాయి మీద గీస్తే రాగి జరీ ఎర్రగా బయటపడుతుంది. అమ్మడం అమ్మకపోవడం మీ ఇష్టం గాని, తెలియక ఇచ్చేయడం మాత్రం జరగకూడదు.

పాత పట్టుచీరతో ఆడపిల్లలకు లాంగ్ ఫ్రాకులు కుట్టించడం ఈమధ్య బాగా ఎక్కువైంది. నేను దానికి వ్యతిరేకిని. నడుము దగ్గర బిగుతుగా, భుజాల దగ్గర లాగి కుట్టే దుస్తులకు పాత పట్టు ఆగదు. మా బంధువుల పెళ్లిలో ఒక పాప కూర్చోగానే వీపు కుట్టు పక్కన బట్ట బెత్తెడు మేర చీలిపోయింది. కుట్టు గట్టిగానే ఉంది, ఆ కుట్టును మోసే సత్తువ బట్టకే లేదు. పరికిణీ అయితే కుచ్చులు నిట్టనిలువుగా జారతాయి, బరువంతా నడుము పట్టీ మీద పడుతుంది. ఆ పట్టీని కొత్త నూలు బట్టతో వేసి, లోపల మెత్తని లైనింగు ఇస్తే పాత పట్టుకు శ్రమ ఉండదు. పెద్దవాళ్లకైతే కొంగు వరకు తీసి ఓణీగా వాడుకోవడం తేలిక.

బొంతకు చీరలు ఎంచుకున్న తరువాత, సూది పట్టకముందే, ఒక్కొక్క చీరను పరిచి ఫొటో తీసుకోండి. ఆ సమయంలో మీ అమ్మగారినీ, పిన్నులనూ, పెద్దమ్మలనూ తప్పకుండా కూర్చోబెట్టండి. మేము అలా చేసినప్పుడు, ఇటుకరంగు చీర ఒకటి పెద్ద మేనత్త నిశ్చితార్థానికి కొన్నదని ఆమె, కాదు ఇంటికి స్లాబు వేసిన ఏడాది మిరప పంట డబ్బుతో కొన్నదని చిన్న మేనత్త పట్టుబట్టి, మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయే దాకా వాదించుకున్నారు. ఎవరి మాట నిజమో తేలలేదు, రెండూ రాసిపెట్టాను. నాయనమ్మ మిరప పంట లెక్కలు తానే చూసేదని, తాతయ్యకు తెలియకుండా చిట్టీ కట్టేదని ఆ గొడవలోనే నాకు తెలిసింది. చీరలు పంచుకుని ఎవరి ఇంటికి వారు వెళ్లిపోయి ఉంటే ఈ సంగతులేవీ బయటికి వచ్చేవి కావు.

కుట్టే పద్ధతి చెబుతాను. మీకు కుట్టుపని రాకపోయినా ఇది నేర్చుకోగలరు, ఎందుకంటే దీనిలో ఉన్నది ఒకటే కుట్టు, సూదిని బట్టలోకి దించి పైకి తీస్తూ వరుసగా వెళ్లేది, టైలర్లు కచ్చాకుట్టు అనేది. ముందుగా చీరలన్నీ నానబెట్టి గంజి పూర్తిగా వదిలేలా ఉతకండి. రంగు దిగుతుందేమో చూడడానికి తడి తెల్లగుడ్డను చీర మీద కాసేపు అదిమి ఉంచితే తెలిసిపోతుంది. రంగు దిగే చీరను లేత రంగు వాటితో కలపవద్దు. ఇస్త్రీ చేసి, నేల మీద పరిచి, అంచుల మీద బరువులు పెట్టి, ముడతలు లేకుండా పొర మీద పొర వేయండి. లోపలి పొరలకు తాతయ్యగారి పాత పంచెలు ఉంటే అంతకన్నా మంచివి లేవు. మన వాతావరణానికి నాలుగైదు పొరలు చాలు. ముందు జానెడు దూరానికి ఒక వరుస చొప్పున పెద్ద పెద్ద కుట్లతో అడ్డంగా నిలువుగా టాకాలు వేసుకుంటే పొరలు జరగవు. ఆ తరువాత అసలు కుట్టును మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు వెళ్లండి. అంచుల నుంచి లోపలికి వస్తే, కొత్తవాళ్ల చేతిలో బట్ట మధ్యకు చేరి ఉబ్బుతుంది. వరుసకూ వరుసకూ మధ్య రెండు వేళ్ల దూరం ఉంటే చాలు.

దారం నూలుదే వాడండి. పాలియెస్టరు దారం తెగదు గాని, పాత బట్టనే కోసేస్తుంది. నూలు దారమైతే లాగుడు పడినప్పుడు ముందు తానే తెగుతుంది, తెగిన చోట మళ్లీ కుట్టుకోవచ్చు. మిషను మీద కుట్టించడం కూడా నాకు నచ్చదు. దగ్గర దగ్గరగా పడే రంధ్రాలతో బట్ట నీరసిస్తుంది, బొంత అట్టలా బిరుసెక్కుతుంది.

మా ఇంట్లో నాయనమ్మ కుట్టిన బొంత ఒకటి ఉంది. అంచుల వెంట దాని కుట్లు వడ్లగింజంత పొడవున, గీత గీసినట్టు వెళతాయి. మధ్యకు వచ్చేసరికి ఒక చోట కుట్లు అంగుళం పొడవున వంకరటింకరగా ఉంటాయి. అక్కడ కుట్టింది అప్పటికి బడికి వెళ్లే మా చిన్న మేనత్త. తెల్లదారం అయిపోయిన చోట నీలిదారం ఎక్కించారు. ఇస్త్రీ మడత చెదరని డిజైనరు బొంతలు, రంగులన్నీ కలిసేలా కొత్త బట్ట కొని చతురస్రాలుగా కోసి అతికినవి, చూడటానికి అందంగా ఉంటాయని ఒప్పుకుంటాను. కాని మీ అమ్మమ్మగారి చీరలను అలాంటి పనికి ఇస్తే ఆమె వేసుకున్న మాసికలు, పసుపు మరకలు ముందుగా కత్తిరించి పారేస్తారు. ఇచ్చేటట్లయితే మాసికలను అలాగే ఉంచమని గట్టిగా చెప్పి ఇవ్వండి.

కొత్తదనం కావాలంటే పొరుగువారి పద్ధతులు చూడండి. బెంగాలువారు కాంథా అని పిలిచే బొంతల్లో పాత చీరల అంచుల నుంచి లాగిన రంగు దారాలతోనే బొమ్మలు కుట్టేవారు. మీ అమ్మమ్మగారి ఎర్రంచు చీర నుంచి లాగిన పోగులతో ఆమె పేరు ఒక మూల కుట్టవచ్చు. పోగు బలంగా ఉందో లేదో ముందు చూసుకోండి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు కుట్టే కవంది అనే బొంతలో చిన్న పెద్ద ముక్కలను కొలత లేకుండా అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ కుట్టి, నాలుగు మూలలా మడిచిన త్రికోణపు ముక్కలను పువ్వుల్లా అమరుస్తారు. చిరిగిపోయిన చీరల నుంచి మిగిలే పేలికలకు ఆ పద్ధతి బాగా కుదురుతుంది, అయితే అది చేయి తిరిగిన తరువాత.

మీకు అసలే తీరిక లేకపోతే, ఊళ్లో ఉన్న బంధువుల ద్వారా చేత్తో బొంతలు కుట్టే ఆడవాళ్ల కోసం అడిగించండి. చాలా పల్లెల్లో ఇంకా ఉన్నారు. కూలి ముందే మాట్లాడుకోండి, బేరం మాత్రం ఆడకండి. ఒక పెద్ద బొంత అంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఎన్నో మధ్యాహ్నాలు చేసే పని.

కట్టుకోని, కుట్టని చీరలను దాచేటప్పుడు గంజి లేకుండా దాచండి, గంజికి వెండిపురుగులు చేరతాయి. ప్లాస్టిక్ కవర్లలో చెమ్మ నిలుస్తుంది కాబట్టి పాత తెల్ల పంచెలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలకుండా చూడండి. రెండు మూడు నెలలకు ఒకసారి మడతలు మార్చండి, ముఖ్యంగా పట్టువి.

మీ అక్కగారికి పెద్ద బొంత పంపవద్దు. అక్కడి ఇళ్లలో హీటరు ఉంటుంది, పైగా బరువైన బొంతను వాషింగ్ మెషీన్‌లో వేస్తే తడిసిన బరువుకే కుట్లు తెగుతాయి. ఒకే చీరను మూడు మడతలు వేసి కుట్టినది అరకిలోకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది, పెట్టెలో ఇట్టే పడుతుంది, చల్లని నీళ్లలో మెల్లగా తిప్పితే శుభ్రపడుతుంది. మీరు కుట్టు నేర్చుకోవడానికి కూడా అదే సరైన మొదటి బొంత. ఏ చీర కావాలో వీడియో కాల్‌లో ఆమెనే ఎంచుకోమనండి, లేకపోతే అది తరువాత ఇంకో పంచాయితీ అవుతుంది.