రేవు దగ్గర కొట్టులో ఆగిపోయే చెల్లింపుల గురించి

లంక రేవులో మీ నాన్నగారి కిరాణా కొట్టు దగ్గర సిగ్నల్ సరిగా అందక, పడవ అందుకునే తొందరలో ఉన్నవారు స్కాన్ చేసిన డబ్బు వారి ఖాతాలో తగ్గి, మీకు చేరకుండా ఆగిపోతోందని రాశారు. అలాంటప్పుడు తెర మీద గడియారం గుర్తు తిరుగుతూనే ఉంటుంది. కంగారులో రెండోసారి పంపించడమే అసలు తప్పు. ఆ లావాదేవీకి వచ్చే 12 అంకెల సంఖ్యను అరువు పద్దుల పుస్తకంలోనే రాసిపెట్టుకోండి. రిజర్వు బ్యాంకు 2019 నాటి నిబంధన ప్రకారం, దుకాణదారుకు చేరని డబ్బు లావాదేవీ జరిగిన 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. అంతకు మించితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం చెల్లించాలి.

2016లో యూపీఐ మొదలైనప్పుడు ప్రతి చిన్న మొత్తానికీ బ్యాంకు సర్వరు బదులివ్వవలసి వచ్చేది. 2022లో వచ్చిన యూపీఐ లైట్‌లో ఫోనులో ముందే ఉంచుకున్న సొమ్ములోంచి పిన్ లేకుండానే చెల్లింపు జరుగుతుంది కనుక, బ్యాంకు వైపు ఆలస్యం తగ్గుతుంది. అయితే దానికీ ఇంటర్నెట్ కావాలి, కాబట్టి మీ కష్టం సగమే తీరుతుంది. డేటా బొత్తిగా లేనప్పుడు, కాల్ సిగ్నల్ మాత్రం ఉంటే, స్టార్ 99 హ్యాష్ డయల్ చేసి మామూలు ఫోనుతోనైనా పంపవచ్చు. అందులో స్కానింగ్ ఉండదు కనుక, క్యూఆర్ అట్ట పక్కనే నాన్నగారి బ్యాంకు ఖాతాకు జోడించిన ఫోను నంబరును పెద్ద అంకెలతో రాయించండి.