భయపడాల్సింది నిండు కెగ్‌కు కాదు, ఖాళీ కెగ్‌కు

"మేం మెకానికల్ ఫైనల్ ఇయర్. 20 లీటర్ల ప్లాస్టిక్ బీరు కెగ్ డిజైన్ చేయడం మా ప్రాజెక్టు. ఏ ప్లాస్టిక్ తీసుకోవాలి, గోడ ఎంత మందం పెట్టాలి?" అన్నది మీ ప్రశ్న. కెగ్ అంటే, లోపలికి గ్యాస్ తోసి బారులోని కుళాయికి బీరు పంపే పీపా. అమెరికాలోని లోవెల్‌లో ప్లాస్టిక్స్ ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్ చేసి, ఆ చుట్టుపక్కలే ఒక చిన్న కంపెనీలో మూడేళ్లు అచ్చంగా ఇదే పని చేశాను. మీరు అడిగిన రెండూ ఈ పనిలో తేలికైనవి. కష్టమైనది మీరు అడగనే లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు అడిగినవాటి సంగతి. పెట్ తీసుకోండి, కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్ అదే. డిటర్జెంట్ డబ్బాల ప్లాస్టిక్ పనికిరాదు. పెట్ సీసా కనిపెట్టిన నథానియల్ వైయత్ కథ మా క్లాసులో చెప్పారు. డ్యూపాంట్ కంపెనీ ఇంజినీరు ఆయన. డిటర్జెంట్ సీసాలో జింజర్ ఏల్ (అల్లం రుచి ఉండే గ్యాస్ కూల్‌డ్రింక్) పోసి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాడట. పొద్దున చూస్తే సీసా ఉబ్బిపోయి అరల మధ్య ఇరుక్కుపోయింది. ఆ ప్లాస్టిక్ గ్యాస్ ప్రెషర్‌ను ఆపలేదు. ఆ ఉబ్బిన సీసాతో మొదలుపెట్టి, ప్లాస్టిక్‌ను నిలువుగానూ అడ్డంగానూ సాగదీస్తే బలం వస్తుందని తేల్చి, 1973లో పెట్ సీసాకు పేటెంట్ తెచ్చుకున్నాడు. మీ కెగ్ కూడా అలాగే తయారవుతుంది. ముందు ప్రీఫామ్ అనే మందపాటి గొట్టం అచ్చులో పోస్తారు. దాన్ని వంద డిగ్రీల చుట్టుపక్కల వేడిచేసి, కడ్డీతో కిందికి లాగుతూ, గట్టి ప్రెషర్‌తో గాలి ఊదుతారు.

మందం లెక్క మీకు వచ్చిందే. గుండ్రటి గొట్టం గోడ మీద పడే లాగుడు వ్యాసార్ధంతో పాటు పెరుగుతుంది. చిన్న సోడా సీసా వ్యాసం 65 మిల్లీమీటర్లు, మీ కెగ్ వ్యాసం 240 అనుకుంటే, అదే మందానికి లాగుడు దాదాపు నాలుగింతలు. అందుకని ప్రీఫామ్ మందంగా కావాలి. మందంగా పోస్తే లోపలి భాగం నెమ్మదిగా చల్లారి తెల్లబారుతుంది, తెల్లబారింది సరిగా సాగదు. ఈ ఇబ్బందితోనే మా మొదటి ఆర్నెల్లూ గడిచాయి. వీలైతే బంతి ఆకారం వైపు వెళ్లండి. అదే వ్యాసం, అదే మందం ఉన్న బంతి మీద లాగుడు సగమే. నెదర్లాండ్స్ వాళ్ల కీకెగ్‌లో పెట్ బంతి లోపల బీరు సంచి వేలాడుతుంది. గాలి సంచి బయట నొక్కుతుంది, బీరును తాకదు. నేను చూసిన ప్లాస్టిక్ కెగ్‌లలో బుద్ధిగా ఆలోచించి చేసింది అదే.

ఇంకొక్క లెక్క కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. మామూలుగా గ్యాస్ ఉన్న బీరు 4 డిగ్రీల చలిలో ముప్పావు బార్ ప్రెషర్ ఇస్తుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్ అంత). 20 డిగ్రీల్లో అది 2 బార్‌కు దగ్గరవుతుంది. 40 డిగ్రీల్లో మూడున్నర దాటుతుంది. మే నెలలో మూసిన ట్రాలీ ఆటోలో కెగ్ ఉందనుకుంటే ఏ అంకెకు డిజైన్ చేయాలో మీకే అర్థమవుతుంది. ఆక్సిజన్ గోడలోంచి లోపలికి జొరబడి బీరుకు తడిసిన అట్ట వాసన తెస్తుందని, దానికి నైలాన్ పొర వేయాలని పేపర్లలో పేజీలకు పేజీలు చదువుతారు. నెలల తరబడి నిలవ ఉంచే బీరుకు అది నిజమే. రెండు వారాల్లో తాగేసే బీరుకు అంత ఆరాటం అక్కర్లేదు. పైగా ఆ నైలాన్ కలిస్తే రీసైక్లింగ్‌లో ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతుంది. ఎండనీ వెలుతురునీ ఆపితే చాలు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది.

మా నమూనా కెగ్‌లను లోవెల్ దగ్గర ఒక బ్రూవరీలో, అంటే బీరు తయారుచేసే చోట, పెట్టాం. పాత బట్టల మిల్లు భవనం అది. ఆ ఊరంతా అలాంటి ఎర్ర ఇటుక మిల్లులే, మధ్యలో కాలువలు. చల్లగది నేలమాళిగలో, బారు పైన. బీరు అంత ఎత్తుకు ఎక్కాలి కాబట్టి గ్యాస్ 2 బార్ దాకా పెట్టేవాళ్లు. నురగ ఎక్కువ వస్తోందని ఫిర్యాదు వస్తే ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను చూడ్డానికి వెళ్లాను. పైన కుళాయి దగ్గర గ్లాసు మీద గ్లాసు పట్టి చూస్తున్నాను. నా దృష్టంతా నిండు కెగ్‌ల మీదే. డిజైన్ చేసినన్నాళ్లూ మా అందరి దృష్టీ వాటి మీదే. నింపితే తట్టుకుంటుందా, పడేస్తే పగులుతుందా, ఎండలో ఉబ్బుతుందా, ఇవే మా పరీక్షలు.

కింద కెగ్‌లు కడిగే కుర్రాడు ఒకడున్నాడు. కంబోడియా నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. లోవెల్‌లో కంబోడియా వాళ్లు చాలామంది ఉంటారు. రీసైక్లింగ్ బండి వాళ్లు మూత తీయని కెగ్ తీసుకోరు కాబట్టి, అయిపోయిన కెగ్‌ల మూతలు తీసి పెట్టమని ఎవరో అతనికి చెప్పారు. మా కెగ్ మూత మరలతో బిగించేది. అతను కెగ్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పట్టీ రెంచితో మూత తిప్పడం మొదలుపెట్టాడు.

నాకు పైకి వినిపించింది తుపాకి పేలినట్టు ఒక్క చప్పుడు. మెట్లు దిగి పరుగెత్తాను. మూత, దానికి తగిలించిన పొడుగు గొట్టంతో సహా, పైకప్పు కింద ఉన్న గాలి డక్టుకు తగిలి రేకు సొట్టపోయింది. కెగ్ ఎదురు వైపు ఎగిరి మాల్టు బస్తాల్లోకి దూరింది. కుర్రాడు నేల మీద కూర్చుని రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు. దెబ్బ తగల్లేదు. రెంచి జారుతుంటే సరిచేసుకోవడానికి తల పక్కకు తిప్పాడట. ఆ ఒక్క క్షణంలోనే మూత అతని ముఖం ఉండాల్సిన చోటు దాటి పైకి పోయింది.

కాసేపటికి నోరు తెరిచి వచ్చీరాని ఇంగ్లీషులో ఒకటే మాట అన్నాడు. "బీరు రావడం ఆగిపోయింది కదా, ఖాళీ అయిందనుకున్నాను."

అతను తప్పు మాట అనలేదు. మేం కూడా వాటిని ఖాళీ కెగ్‌లనే పిలిచేవాళ్లం, మా కాగితాల్లోనూ అలాగే రాసుకునేవాళ్లం. ఆ రాత్రి ఇంటికెళ్లి లెక్క వేశాను. నిండు కెగ్‌లో పైన లీటరు జాగా మాత్రమే గ్యాస్, మిగతాదంతా ద్రవం. ద్రవం నొక్కుడు పడదు కాబట్టి దానిలో దాగిన శక్తి తక్కువ. బీరు అయిపోయిన కెగ్‌లో 20 లీటర్లూ గ్యాసే, అదీ 2 బార్ మీద. అది ఒక్కసారిగా విడుదలైతే, 25 కిలోల బియ్యం బస్తాను మూడో అంతస్తు నుంచి వదిలినంత శక్తి. 50 మిల్లీమీటర్ల వెడల్పున్న మూతను ఆ గ్యాస్ లోపలి నుంచి 40 కిలోల బలంతో తోస్తూ ఉంటుంది. ఆ 40 కిలోల మీద అతను ముఖం పెట్టి కూర్చున్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడో కూడా తేలింది. ఇంట్లో కూల్‌డ్రింక్ సీసా తీసి మెడ దగ్గరి మరలు చూడండి. నిలువుగా గాట్లు ఉంటాయి. మూత కొంచెం తిప్పగానే గ్యాస్ ఆ గాట్ల గుండా బుస్సున బయటికి పోతుంది. మరలు ఇంకా మూతను పట్టుకునే ఉంటాయి. అందుకే సీసా మూత ఎగిరి కంటికి తగలదు. మా కెగ్‌లో సీలు కోసం మెడ లోపలి గోడకు ఒత్తుకునే రబ్బరు రింగు పెట్టాం. మూత చివరి మర దాకా వచ్చినా ఆ రింగు గ్యాస్‌ను ఆపే ఉంచింది. చివరి మర వదిలిందో లేదో ప్రెషర్ మొత్తం ఒకేసారి తోసింది. లీకు లేని సీలు కుదిరిందని ఆ రింగును చూసి మేం ఎంతో సంబరపడ్డాం. సంబరపడ్డ చోటే ప్రమాదం ఉంది.

ఇది మా ఒక్కరి తప్పే కాదు. 2012 ఏప్రిల్‌లో, లోవెల్‌కు దగ్గర్లోనే, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం పోర్ట్స్‌మౌత్‌లోని ఒక బ్రూవరీలో ప్లాస్టిక్ కెగ్ పేలి 26 ఏళ్ల కార్మికుడు చనిపోయాడు. గాలి పట్టి కెగ్ కడుగుతుండగా జరిగింది. అప్పుడు ఆ కెగ్‌లో బీరు లేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికి అది అక్కడ అందరికీ తెలిసిన విషయం. అయినా మా పరీక్షల జాబితాలో ఖాళీ కెగ్ మాట ఒక్కచోట కూడా లేదు. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే.

ఆ సాయంత్రం ఆ కుర్రాడూ నేనూ కాలువ గట్టు మీద కూర్చున్నాం. వాళ్ల నాన్న తాటిచెట్లు ఎక్కేవాడట. కంబోడియాలో తాటికల్లు తీస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. మా నాన్న కూడా నల్గొండ జిల్లాలో మోకు కట్టుకుని చెట్లెక్కినవాడే అని చెప్పాను. వాళ్లు చెట్టుకు వెదురు గొట్టం కడతారు, మేం లొట్టి కడతాం. రెండింటికీ నోరు తెరిచే ఉంటుంది. నేను చిన్నప్పుడు కల్లును ప్లాస్టిక్ క్యానులో పోసి సైకిల్‌కు తగిలించుకుని పోతుంటే మా అమ్మ వెనకనుంచి అరిచేది, "మూత బిగియ్యకు బిడ్డా, వదులుగ పెట్టు" అని. పులిసే కల్లు గ్యాస్ విడుస్తుందని, దానికి దారి ఉండాలని ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. కుర్రాడి వాళ్ల ఊళ్లోనూ అదే మాట చెప్పేవారట. మా ఇద్దరికీ చిన్నప్పటినుంచీ తెలిసిన జాగ్రత్త, నేను గీసిన మూతలో మాత్రం లేకుండా పోయింది.

తర్వాత మేం చేసిన మార్పులు రాస్తాను, మీ ప్రాజెక్టుకు పనికొస్తాయి. మరలు పూర్తిగా తీసేశాం. మూతను యంత్రంతో లోపలికి నొక్కి, రింగుతో బంధించాం. రెంచి పట్టడానికి దానికి అంచే ఉండదు, కాబట్టి తిప్పాలన్న ఆలోచనే రాదు. మూత మీద ఎర్ర రంగు నొక్కుడు ముక్క ఒకటి పెట్టాం. నాణెంతో నొక్కితే గ్యాస్ పెద్దగా చప్పుడు చేస్తూ పోతుంది. చప్పుడు ఆగితే గ్యాస్ అయిపోయినట్టు. చప్పుడు తగ్గిద్దామని ఒకరు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. భాష రాని మనిషికి ఆ చప్పుడే హెచ్చరిక. హద్దు మీరి ప్రెషర్ పెరిగితే ముందుగా తెగిపోయే పలచటి బిళ్ల కూడా ఒకటి పెట్టాం, కెగ్ గోడ పగలకుండా.

వీటికోసం కొనుగోలు విభాగంతో నాలుగు నెలలు పోట్లాడాల్సి వచ్చింది. కెగ్‌కు కొన్ని సెంట్లు పెరుగుతుందని వాళ్ల బాధ. అదే మనుషులు అంతకుముందు ప్రతి మీటింగులో కెగ్ బరువులోంచి ఇంకో పది గ్రాములు తగ్గించమని అడిగేవాళ్లు. స్టీలు కెగ్ పది కిలోల దాకా తూగితే మాది రెండు కిలోలు కూడా లేదు, ఇంకా ఏం తగ్గిస్తాం? హెచ్చరికలన్నీ ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ముద్రించి బాధ్యత తీరిందనుకోవడం ఇంకో జబ్బు. కెగ్ కడిగే మనిషి ఏ భాష చదువుతాడో ఎవరూ కనుక్కోరు. బొమ్మలు వేయండి, పెద్దవిగా వేయండి.

ఒక్కసారి వాడి పారేయాల్సిన ప్లాస్టిక్ కెగ్‌ను ఇంట్లో కడిగి మళ్లీ నింపే వీడియోలు చూస్తే నాకు వణుకు పుడుతుంది. స్టీలు కెగ్‌ను వేడి కాస్టిక్ సోడాతో, ఆవిరితో కడగొచ్చు. పెట్ 75 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, కాస్టిక్ తగిలితే కంటికి కనపడని పగుళ్లు పడతాయి. ఆ పగులు మీద మళ్లీ గ్యాస్ ఎక్కిస్తారు. మీ ప్రాజెక్టు రిపోర్టులో "తిరిగి వాడుకోవచ్చు" అన్న వాక్యం రాయాలనిపిస్తే, దయచేసి రాయకండి.

మీ మొదటి నమూనా వచ్చాక ఒక పరీక్ష చేయండి. అందులో గ్యాస్ గానీ గాలి గానీ ఏమీ ఎక్కించకుండా, ఉత్త డొల్లను మీ కాలేజీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే మనిషికి ఇవ్వండి. "అన్నా, ఇది అయిపోయింది, పక్కన పడెయ్యాలి" అని మాత్రం చెప్పండి, ఇంకేం వివరించొద్దు. పక్కన నిలబడి అతని చేయి మొదట ఎక్కడికి పోతుందో చూడండి. గ్యాస్ వదిలే ముక్కను అక్కడ పెట్టండి.